ఉమ్మడి ట్రాన్స్‌ఫార్మరు – దాని బాధ్యత యెవరిది?

పుత్తూరు చుట్టుప్రక్కల పల్లెలలో ఎండలు ముదిరి, చెఱకుతోటయు మామిడిమొక్కయు నీటికొఱకు ఎదురుచూచు దినములలో రైతుల నోట తఱచుగ వినవచ్చు మాట యొకటి గలదు. "ట్రాన్స్‌ఫార్మరు పోయినది" అందురు. వెంటనే రెండవ మాట పుట్టును: "తలకింత వేసికొందము." తలకింత యనగా ఎంత, పెద్ద మోటారువాడు ఎక్కువ యీయవలయునా, బోరు ఎండిపోయినవాడు కూడ ఈయవలయునా యను చర్చలో ఒక దినము గడచును. ట్రాక్టరు ఎవరిది, డీజిలు ఎవరు పోయింతురు అనుటలో రెండవ దినము గడచును. మూడవ దినమున ట్రాన్స్‌ఫార్మరు వచ్చును, లేదా రాదు. పొట్టమీదనున్న వరి యీ లెక్కలు తేలువఱకు ఆగదు.

ఈ వ్యాసమున మేము చర్చింపదలచినది ఆ "తలకింత" యను ఆచారమును గూర్చియే. ఆ యంత్రము ఎవరిది? చెడినచో బాగుచేయించు భారము ఎవరిది? చెడకుండ చూచుకొను భారము ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకును జవాబు ఒక్కటేయని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. కొందఱు అంతయు సంస్థదే యందురు. కొందఱు అంతయు మన ఖర్మమే యందురు. రెండును పొరపాటే. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు విద్యుత్ పంపిణీ సంస్థ. మూడవదానికి మాత్రము జవాబులో సగపాలు మనది.

మొదట హక్కును గూర్చి చెప్పుదుము. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు 1999లో విడివడగా, 2000వ సంవత్సరమునుండి మన ప్రాంతమునకు విద్యుత్తు పంచుచున్నది తిరుపతి కేంద్రముగా గల ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 42వ విభాగమున, పంపిణీ వ్యవస్థను సమర్థముగను పొదుపుగను నెలకొల్పి నిర్వహించు విధి పంపిణీదారునిదేయని స్పష్టముగ చెప్పబడినది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించిన సరఫరా నిబంధనలు ఇంకొక మెట్టు ముందునకు పోయినవి. సర్వీసు లైనునకగు వ్యయమును వాడుకదారుడు కొంతగాని పూర్తిగగాని చెల్లించియున్నను, ఆ లైను సంస్థ సొత్తే యగును. దానిని సంస్థయే తన ఖర్చుతో కాపాడవలయును.

ఈ నిబంధనను రైతు రెండు చేతులతోను పట్టుకొనవలెను. ఏలయన అది రెండువైపుల కోయు కత్తి. "మేము డబ్బు కట్టి వేయించుకొన్న ట్రాన్స్‌ఫార్మరు, దానినుండి మఱియొకనికి సర్వీసు ఈయరాదు" అని అడ్డుపడుట మన గ్రామములలో ఉన్నది. ఆ మాట చెల్లదు. అట్లే "మీ ట్రాన్స్‌ఫార్మరు మీరే బాగుచేయించుకొనుడు" అని ఎవరైనను మనతో ననిన, ఆ మాటయు చెల్లదు. డబ్బు కట్టినంతమాత్రమున యంత్రము మనది కాలేదు. యంత్రము మనది కానప్పుడు దాని మరమ్మతుకూలి మనది కానేరదు.

ఇక గడువు మాట. మండలి 2004లో ఏర్పఱచిన సేవాప్రమాణముల ప్రకారము, ట్రాన్స్‌ఫార్మరు చెడినప్పుడు పట్టణములలో 24 గంటలలోను, గ్రామములలో 48 గంటలలోను దానిని మార్చవలయును. గడువు దాటినచో వాడుకదారునకు పరిహారము చెల్లించు ఏర్పాటు చట్టము 57వ విభాగముననే కలదు. ఈ పరిహారమును అడిగి పుచ్చుకొన్న రైతులు బహు అరుదు. కారణము తేటతెల్లము. 48 గంటలు ఎప్పటినుండి లెక్కింపవలెను? ఫిర్యాదు నమోదైన క్షణమునుండి. మనము ఫిర్యాదు చేయుట ఎట్లు? లైన్‌మన్ ఎదురైనప్పుడు టీకొట్టు దగ్గఱ చెప్పుట. ఆ మాటకు తేదీ లేదు, గంట లేదు, సంఖ్య లేదు. 1912 సంఖ్యకు టెలిఫోను చేసి ఫిర్యాదు సంఖ్య వ్రాసికొన్నచో ఆ మూడును కలుగును. ఆ సంఖ్య లేనివాడు తరువాత ఏ వేదిక యెక్కినను చేతిలో ఆధారము లేనివాడే. సంస్థ పట్టించుకొననిచో 42వ విభాగము క్రిందనే ఏర్పడిన వాడుకదారుల ఫిర్యాదుల పరిష్కారవేదిక తిరుపతిలో గలదు. అక్కడను న్యాయము జరుగలేదని తోచిన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. వీనికి ప్లీడరు అవసరము లేదు.

కాలిన యంత్రమును షెడ్డునకు చేర్చుటయు, వేఱొకదానిని తెచ్చి నిలుపుటయు పై విధిలోనివే. రైతుల ట్రాక్టరులో తోలుకొనిపోవుట అవసరమునుబట్టి పుట్టిన అలవాటేగాని బాధ్యత కాదు. పైరు ఎండుచుండగా ట్రాక్టరు కట్టిన రైతును మేము తప్పుపట్టము. కాని కట్టినవాడు ఆ సంగతిని ఫిర్యాదు కాగితములో వ్రాయవలెను. వ్రాయని ఉపకారము రెండవసారికి హక్కుగ మాఱుట లోకములో ఉన్నదే.

ఇంతవఱకు చదివి సంతోషించిన సభ్యులు, ఇకముందు వ్రాయబోవుదానిని కూడ అంతే ఓపికతో చదువవలెనని ప్రార్థన.

ట్రాన్స్‌ఫార్మరు ఊరక కాలదు. పిడుగుపాటున పోవునవి గలవు, నూనె కాఱి పోవునవి గలవు, నాసిరకపు మరమ్మతువలన పోవునవి గలవు. ఇవి మన చేతిలోనివి కావు. కాని వేసవిలో మన మడికట్లలో పోవువానిలో పెక్కు మోయలేని బరువు మోసి పోవునవియే. లెక్క వేసి చూతము.

మన పొలములలో ఎక్కువగ కనబడునది 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు. అది 11,000 వోల్టుల విద్యుత్తును 433 వోల్టులకు దించును. దించి యిచ్చుచోట అది ఎడతెగక మోయగలిగినది ఒక్కొక్క ఫేజునకు సుమారు 33 ఆంపియర్లు. అయిదు హెచ్.పి. మోటారు నిండుబరువున సుమారు ఏడున్నర ఆంపియర్లు పుచ్చుకొనును. అట్టివి నాలుగు కలిపిన 30. అనగా నాలుగు మోటార్లకు ఆ యంత్రము సరిపోవును. పై మూడు ఆంపియర్లు దాని ఊపిరి. కాగితములలో నున్న లెక్కయు ఇదియే.

పొలములో నున్న లెక్క వేఱు. నీటిమట్టము దిగజాఱెను. 200 అడుగుల బోరు 600 అడుగులదయ్యెను, కొన్నిచోట్ల వేయి దాటెను. అయిదు హెచ్.పి. మోటారు అంతలోతునుండి నీటిని ఎత్తజాలదు గనుక రైతు ఏడున్నర హెచ్.పి. దానిని దింపెను. సర్వీసు కాగితములో మాత్రము అయిదు అనియే మిగిలెను. ఏడున్నర హెచ్.పి. మోటారు సుమారు 11 ఆంపియర్లు పుచ్చుకొనును. నాలుగు కలిపి 44. ముప్పదిమూడు మోయువానిమీద నలువది నాలుగు పెట్టితిమి. బరువు మూడింట ఒకవంతు పెరిగినదని మనకు తోచును. కాని చుట్టలో పుట్టు వేడిమి ప్రవాహమునకు వర్గముగ పెరుగును గనుక, ఆ వేడిమి ఇంచుమించు ఒకటి ముప్పావు రెట్లగును. చుట్టకు చుట్టిన కాగితపు పొర అట్టి వేడిమికి ఆఱేడు డిగ్రీలు పెరిగినకొలది తన ఆయుర్దాయములో సగము పోగొట్టుకొనును. ఇరువది యేండ్లు బ్రదుకవలసినది రెండు మూడు వేసవులలో చచ్చుటకు ఇదియే మూలము. విఱిగిన యెముకకు పుత్తూరు కట్టు గలదు. కాలిన చుట్టకు కట్టు లేదు, తిరిగి చుట్టవలసినదే. తిరిగి చుట్టినది మొదటిదాని బలమున నుండుట అరుదు.

దీనికి తోడు ఆటోమేటిక్ స్టార్టరు. కరెంటు వచ్చినప్పుడు రాత్రియైనను పగలైనను రైతు పొలమునకు పరుగెత్తనక్కఱలేకుండ మోటారు తనంతట తాను తిరుగును. మంచి సౌకర్యమే. కాని మోటారు నిలిచిన స్థితినుండి కదలునపుడు తన మామూలు ప్రవాహమునకు ఆఱురెట్ల వఱకు లాగును. నాలుగు మోటార్లును ఒకే క్షణమున మేల్కొన్నచో, 33 ఆంపియర్ల యంత్రముమీద కొన్ని క్షణములపాటు 180 పడును. ఇది చిన్న మోటార్ల లెక్క. పెద్దవైన ఇంకను హెచ్చు. ఒకనిది కరెంటు వచ్చిన నిమిషమునకు, రెండవవానిది రెండు నిమిషములకు, మూడవవానిది మూడు నిమిషములకు అంటుకొనునట్లు కాలపుబిళ్లను త్రిప్పిపెట్టుకొనిన ఈ దెబ్బ తప్పును. ఇందులకు పైసా ఖర్చు లేదు. కావలసినది నలుగురు ఒకచోట కూర్చుండుటయే. అదియే మనకు కష్టముగ నున్నది.

కెపాసిటరును గూర్చి మన రైతులలో ఒక అపోహ గలదు. అది సంస్థకు లాభించు వస్తువు, మనకేమి యందురు. అయిదు హెచ్.పి. మోటారునకు తగిన రెండు కె.వి.ఏ.ఆర్. కెపాసిటరు పెట్టిన, ఆ మోటారు లైనునుండి లాగు ప్రవాహము సుమారు ఆఱింట ఒకవంతు తగ్గును. నాలుగు మోటార్లకు పెట్టిన 30 ఆంపియర్లు 25కు దిగును. ట్రాన్స్‌ఫార్మరునకు అది అయిదు ఆంపియర్ల విశ్రాంతి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఏర్పడిన తరువాత రైతు పాటింపవలసినవిగా చెప్పబడిన నాలుగు పనులలో నిది యొకటి. తక్కిన మూడు: ఐ.ఎస్.ఐ. గుఱుతుగల పంపుసెట్టు, ఒరపిడి లేని ఫుట్‌వాల్వు, ఇనుపగొట్టమునకు బదులు నునుపైన ప్లాస్టిక్ గొట్టము. ఉచితమని చెప్పినది చెవి కెక్కినది. ఈ నాలుగు పనులు మాత్రము ఎక్కలేదు.

ఇంకొకటి. మూడు ఫేజులు లేని వేళ కండెన్సరు తగిలించి, ఉన్న ఒక ఫేజుమీద మోటారు త్రిప్పుట. దీనివలన ట్రాన్స్‌ఫార్మరు ఒక చుట్టపై సమస్త భారము పడి, తక్కిన రెండును చల్లగ కూర్చుండును. కాడి ఒక ఎద్దుమీదనే వేసి దున్నినట్లు. ఇట్లు త్రిప్పువాడు తన మడిని తడుపుకొని తక్కిన ముగ్గురి మళ్లను ఎండబెట్టుచున్నాడని మొగమాటము లేక చెప్పవలసియున్నది.

కావున "సంస్థ యంత్రము, సంస్థయే మార్చును" అను మాట సత్యమేయైనను, నలుగురు రైతులలో ఒకడు దాచిన బరువు తక్కిన ముగ్గురి పంటను తినుచున్నది. సంస్థకు పోవునది ఒక చుట్ట. మనకు పోవునది ఒక కారు. ఎక్కువ హెచ్.పి.ని దాచినవాడు సంస్థను మోసగించితిననుకొనును. సంస్థ ట్రాన్స్‌ఫార్మరు పరిమాణమును కాగితములోని లెక్కనుబట్టి నిర్ణయించును గదా. కాగితమున ఇరువది హెచ్.పి. యున్నంతకాలము 25 కె.వి.ఏ. చాలునని అధికారి చెప్పిన, అతనిని ఏమని తప్పుపట్టుదుము? అదనపు బరువును రుసుము చెల్లించి నమోదు చేయించుకొన్ననాడు పెద్ద యంత్రమునో, రెండవ యంత్రమునో అడుగుటకు మనకు నోరుండును.

మన పెద్దల కాలమున చెఱువు ఇట్టి ఉమ్మడి వస్తువే. కట్టయు తూమును సర్కారువి. పూడికతీయుట, కాలువ శుభ్రపఱచుట, వాననాట కట్టను కాచుట ఆయకట్టుదారులవి. దానిని కుడిమరామతు అనిరి. చెన్నరాజధానిలో 1858వ సంవత్సరపు మొదటి చట్టము ఆ ఆచారమునకు బలము చేకూర్చి, తన వంతు పని చేయనివాడు ఆ కూలికి రెండింతలు చెల్లించునట్లు విధించెను. నీరుగంటి తూము తెఱచెడివాడు. వంతును తప్పించినవాని పేరు ఊరంతటికిని తెలిసెడిది. ట్రాన్స్‌ఫార్మరునకు నీరుగంటి లేడు. లైన్‌మన్ పదియూళ్లకు ఒకడు. "ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినది" అను సామెత దీనికే చెప్పినట్లున్నది. పూర్వము 100 కె.వి.ఏ. యంత్రమొకటి పెట్టి, దానినుండి పొడవైన తీగలు లాగి పదునైదు ఇరువది మోటార్లకు ఈయుచుండిరి. అందులో ఎవడు ఎంత లాగుచున్నాడో ఎవనికిని తెలియదు. ఈ శతాబ్దారంభమునుండి దానిని మార్చి, 11,000 వోల్టుల తీగనే పొలములోనికి తెచ్చి, 15, 25 కె.వి.ఏ.ల చిన్న యంత్రములను ముగ్గురు నలుగురు రైతులకు ఒకటి చొప్పున నిలుపుచున్నారు. తీగలో వృథాయగు విద్యుత్తు తగ్గుట, కొక్కెము తగిలించి దొంగిలించుట కష్టమగుట దీని ప్రయోజనములని ఇంజనీర్లు చెప్పుదురు. మాకు దోచు పెద్ద ప్రయోజనము వేఱు. ఇరువదిమంది నడుమ బాధ్యత మాయమగును. నలుగురి నడుమ దానికి మొగముండును.

ఇప్పుడు అన్నింటికంటె బరువైన విషయమునకు వచ్చితిమి. ఫ్యూజు పోయినది. లైన్‌మన్ రాలేదు. మడి తడియకున్నది. ఊరిలో "పని తెలిసినవాడు" ఒకడుండును, వాడు ఏ.బి. స్విచ్చిని దించి, దిమ్మె యెక్కును. ఫ్యూజు తీగకు బదులు దొరికిన అల్యూమినియము పోగులు రెండు మూడు మెలివేసి కట్టును. మోటారు తిరుగును. అందఱును వానిని మెచ్చుకొందురు.

ఇందులో రెండు చావులు దాగియున్నవి. ఒకటి యంత్రమునది. ఫ్యూజు ఉండుటయే ముందుగ తాను తెగి యంత్రమును కాపాడుటకు. దానిని తెగకుండ లావుచేసిన, తెగవలసినది చుట్ట. రెండవది మనిషిది. ఏ.బి. స్విచ్చి దించినను దాని పైభాగమున 11,000 వోల్టులు నిలిచియే యుండును. మూడు అలుగులలో ఒకటి త్రుప్పుపట్టి విడివడక నిలిచిన, క్రిందినుండి చూచువానికి అది కనబడదు. ప్రక్క సర్వీసులో ఎవడైన జనరేటరు త్రిప్పినచో విద్యుత్తు వెనుకదారిని వచ్చి, 433 వోల్టులు ఎక్కి 11,000 వోల్టులగును. ఇది వేఱొక ఊరి కథ కాదు. రాయలసీమలో ప్రతి వేసవియందును ఇట్టి వార్తలు వినుచున్నాము. లైన్‌మన్ ఎల్.సి. తీసికొని, తీగలను భూమికి కలిపి, చేతితొడుగులతో ఎక్కుటలో అర్థమిదియే. ఆ మూడును లేక ఎక్కువాడు ధైర్యవంతుడు కాడు, వానిని ఎక్కించినవారు స్నేహితులు కారు.

ఇచటనే బాధ్యత ప్రశ్న మరల వచ్చును. 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డునకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఒక గొప్ప సూత్రమును స్థిరపఱచినది. రాత్రివేళ సైకిలుమీద ఇంటికి పోవుచున్న యొకడు త్రోవలో పడియున్న తీగ తగిలి మరణించెను. ఆ తీగను ఎవడో దొంగతనముగ లాగికొన్నాడు, మా తప్పు లేదని బోర్డు వాదించెను. కోర్టు అంగీకరింపలేదు. అపాయకరమైన వస్తువును ప్రవహింపజేయువాడు అది దారితప్పకుండ చూచుకొనవలెననియు, ఎవని తప్పు అను ప్రశ్న లేకయే పరిహారము చెల్లింపవలెననియు తీర్పు చెప్పినది. దారిన పోవువానికి ఈ సూత్రము గొప్ప రక్ష. కాని తానై దిమ్మె యెక్కి సంస్థ ఫ్యూజును ముట్టినవాని కుటుంబము అడుగునప్పుడు, "మేము ఎక్కుమనలేదు" అను వాదమునకు మనమే తావిచ్చినవారమగుదుము. ప్రమాదము జరిగినప్పుడు 161వ విభాగము క్రింద తెలియజేయుటయు, విద్యుత్ ఇన్‌స్పెక్టరు విచారణయు ఉండును. ఆ విచారణకు ముందు స్థలమును చెఱుపరాదు. స్తంభమునకు గొడ్డును కట్టుట, స్టే తీగపై బట్టలు ఆఱవేయుట, దిమ్మెపై గడ్డివామి పేర్చుట, ఇవియు ఈ ప్రకరణములోనివే; విస్తరింపనక్కఱలేదు.

దొంగలు యంత్రమును విప్పి నూనె పాఱబోసి తీగచుట్టను ఎత్తుకొనిపోయినచో, అదియు సంస్థ సొత్తు దొంగతనమే. చట్టము 136వ విభాగమున మూడేండ్లవఱకు శిక్ష గలదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయవలసినది సంస్థవారు. ఆ ఫిర్యాదు ప్రతి లేనిదే మాఱు యంత్రము ఆలస్యమగును గనుక, రైతులు వారి వెంటబడి ఆ ప్రతిని తెప్పించుకొనుట మేలు.

విద్యుత్తు పంపిణీయే సహకారముగ నడచిన చోట్ల ఈ వ్యవహారము ఎట్లుండెనో సభ్యులు తెలిసికొనదగును. మన పాత చిత్తూరు జిల్లాలోనే కుప్పమున గ్రామీణ విద్యుత్ సహకార సంఘము చాలకాలము పంపిణీ నడపినది. తెలంగాణమున సిరిసిల్ల సంఘము 1970 ప్రాంతమున పని మొదలిడినది. దానికి సాయపడినవారు అమెరికా గ్రామీణ సహకార సంఘములవారు. ఆ దేశమున 1935లో పదింట తొమ్మిది వ్యవసాయక్షేత్రములకు విద్యుత్తు లేదు. లాభము లేదని కంపెనీలు రానిచోట రైతులే సంఘములుగ కూడి తీగలు లాగుకొనిరి. అట్టి సంఘమున కాలిన ట్రాన్స్‌ఫార్మరు సభ్యునిదే, లెక్కను సర్వసభ్య సమావేశమున అడుగువాడును సభ్యుడే. అక్కడ లోపములు లేవని మేము చెప్పము. రాజకీయములు చేరని సహకార సంఘము ఎక్కడ నున్నది? అయినను, బరువు దాచిన సభ్యుడు తన సంఘమునే దోచుచున్నాడని అక్కడ ఎఱుగుట సులభము.

మన సభ్యుల కుమారులలో పలువురు పుత్తూరు అంచున లేఔట్లలో స్థలములు కొనుచున్నారు గనుక ఆ సంగతియు రెండు మాటలు. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు, వీథిదీపములు, నీళ్లమోటారు మూడును ఒకటే యనుకొనరాదు. ట్రాన్స్‌ఫార్మరును లేఔటు యజమాని డబ్బుతో నిలిపినను, విద్యుత్తు ఎక్కించిన పిదప అది సంస్థదే. మీటరునకు ఇవతలనున్న నీళ్లమోటారు, దాని తీగలు, ఉమ్మడి దీపములు ఇంటివారివి. 2016వ సంవత్సరపు స్థిరాస్తి చట్టము వర్తించు లేఔట్లలో, ఇంటివారి సంఘము అప్పగింత పుచ్చుకొనువఱకు ఉమ్మడి సౌకర్యములను నడుపు భారము లేఔటు యజమానిదే. పనితనములోగాని సౌకర్యములలోగాని లోపము అప్పగించిన అయిదేండ్లలోపల బయటపడినచో ముప్పది దినములలో ఉచితముగ సరిచేయవలయును. కొన్నవారిలో అధికసంఖ్యాకులు కుదిరిన మూడు మాసములలో సంఘమును ఏర్పడజేయవలసిన విధియు ఆయనదే. సంఘము లేని లేఔటులో వీథిదీపము ఆఱిన, పురపాలకమువారు లేఔటు మాకు అప్పగింపలేదందురు, యజమాని అన్నియు అమ్ముకొని పోయినాననును. స్థలము కొనునప్పుడు తూర్పు వాకిలియా పడమటి వాకిలియా యని విచారించువారు ఈ కాగితమును కూడ అడిగిన బాగుండును.

తిరిగి పొలమునకు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులు ఒక నోటుపుస్తకము పెట్టుకొనవలెనని మేము కోరుచున్నాము. అందులో మొదటి పుటను స్తంభముపై వ్రాసిన సంఖ్య, యంత్రపు పరిమాణము, క్రింద ఒక్కొక్క సర్వీసు సంఖ్య, కాగితములోని హెచ్.పి., బోరులో నిజముగనున్న హెచ్.పి., కెపాసిటరు కలదా లేదా, స్టార్టరు ఎన్నవ నిమిషమున అంటుకొనును అని వ్రాయవలెను. నిజమైన హెచ్.పి. వ్రాయుటకు తొలుత సంకోచముండును. ఈ పుస్తకము సంస్థకు చూపుటకు కాదు, మనలో మనము తెలిసికొనుటకు. రెండవ పుటనుండి ఫిర్యాదు తేదీ, గంట, 1912వారు ఇచ్చిన సంఖ్య, యంత్రము వచ్చిన తేదీ. మూడు వేసవులు వ్రాసిన పుస్తకముతో వేదిక యెదుట నిలుచుటకును, నోటిమాటతో నిలుచుటకును గల భేదమును సభ్యులు ఊహింపగలరు.

ఈ పుస్తకము వ్రాయ మొదలిడగానే రెండు చిక్కులు బయటపడును. మొదటిది, సర్వీసు ఎవరి పేరనున్నది? పెక్కుచోట్ల తండ్రి పేరనో, తాత పేరనో నున్నది. వారు గతించి ఇరువది యేండ్లైనది. అన్నదమ్ములు బోరును వంతులవారీగ వాడుకొనుచున్నారు. సేవాప్రమాణముల క్రింద పరిహారమును అడుగునప్పుడు మొదట వచ్చు ప్రశ్న ఈ పేరే. మరణ ధ్రువపత్రము, వారసుల అంగీకారము, భూమి కాగితము జతపఱచి పేరుమార్పునకు దరఖాస్తు పెట్టుకొనుట పంట లేని దినములలో చేయదగిన పని. అన్నదమ్ములలో ఎవని పేరు వ్రాయవలెనను తగవున్నచో, వంతు కాగితము వేఱుగ వ్రాసికొని సర్వీసును ఒకని పేర ఉంచుకొనవచ్చును.

రెండవది కౌలుదారుని మాట. కెపాసిటరు ఎవరు కొనవలెను? ఏడాది కౌలునకు చేసికొన్నవాడు, వచ్చే యేడు తాను ఉందునో లేదో తెలియని పొలములో, తనది కాని మోటారునకు ఎందులకు పెట్టును? భూస్వామి పట్నములో నున్నాడు. ఆయనకు కౌలు ముట్టిన చాలును. మా యభిప్రాయమున సర్వీసు ఎవరి పేరనున్నదో కెపాసిటరును, స్టార్టరును, తగిన మోటారును వారివే. ఫ్యూజును ముట్టకుండుటయు, స్టార్టరు కాలపుబిళ్లను ఒప్పుదలప్రకారము ఉంచుటయు, ఫిర్యాదు చేయుటయు కౌలుదారునివి. కౌలుకాగితము వ్రాయువారు నీటివంతు వ్రాసిన పంక్తి క్రిందనే దీనిని చేర్చవచ్చును. కాగితము లేక నోటిమాటతో జరుగు కౌలులో, ఈ సంగతి కౌలు నిర్ణయించు దినముననే నలుగురి యెదుట చెప్పుకొని, ట్రాన్స్‌ఫార్మరు పుస్తకములో ఆ సర్వీసు సంఖ్యకు ఎదురుగ వ్రాయించుకొనవలెను.